నానో బట్టకు రేవే పరీక్ష



నానో అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. 2009లో నానో కారు రోడ్డెక్కినప్పుడు విన్నాం. 2021లో ఇఫ్కో నానో యూరియా వచ్చాక, బస్తాలు మోసుకొచ్చే రైతు చేతికి అర లీటరు సీసా వచ్చింది. ఆ మాట చేనుదాకా చేరింది. ఇప్పుడు బట్టల దుకాణంలోకీ వచ్చింది. మరక పట్టని ప్యాంటు, చెమట వాసన రాని మేజోళ్లు, వానకు తడవని కోటు, క్రిములను చంపే మాస్కు, ఎండను ఆపే అంగి. మామూలు బట్టకన్నా ధర కాస్త ఎక్కువే ఉంటుంది. కొనాలా వద్దా అన్నది కొనేవారి ఇష్టం. అయితే ఆ బట్టలో ఏముంది, అది ఎన్నాళ్లు నిలుస్తుంది, ఉతికినప్పుడు ఎటు పోతుంది అన్న మూడు సంగతులూ తెలుసుకుని కొనాలి. అది మన హక్కు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. బట్టకు ఏ కొత్త గుణం అబ్బినా దాని నిజం అంగట్లో తేలదు, రేవులో తేలుతుంది. సబ్బునీళ్లలో నాని, బండ మీద దెబ్బలు తిని, ఎండలో ఆరిన తరవాత కూడా ఆ గుణం మిగిలిందా లేదా అన్నదే అసలు లెక్క. నానో బట్టల మీద పరిశోధన చేసేవాళ్లు, తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఈ లెక్కను మన ముందు పెట్టాలి.

ఈ మాట అనగానే నాకు తెలంగాణలోని పాలకుర్తి గుర్తొస్తుంది, దానికి కారణముంది. ఇది పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆ మహాకవి తన కావ్యంలో ఆనాటి వస్త్రాలను పేరుపేరునా ఏకరువు పెట్టాడు. వెంజావళి, మంచుపుంజం, వాయుమేఘం, హంసవడి, క్షీరోదకం, ఇంకా ఎన్నో. ఇన్ని రకాలు నేసే చేతులు, గుర్తుపట్టి కొనే కళ్లు ఉన్న సమాజంలోనే కవి అలా జాబితా కట్టగలడు. కాకతీయుల కాలంలో మోటుపల్లి రాజ్యం గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఇక్కడి సన్నబట్టను సాలెగూటి దారంతో పోల్చాడు. ఇక పాలకుర్తికి దగ్గర్లోనే కొడకండ్ల ఉంది. మగ్గానికి పేరుపడ్డ ఊరు. చేతినిండా పని దొరకక ఎందరో నేతన్నలు భివండీకీ, సూరత్‌కూ, షోలాపూర్‌కూ వలసపోయిన ఊరు కూడా. చుట్టూ పత్తి చేలు. విత్తనం నుంచి వస్త్రందాకా తెలిసిన సీమ ఇది.

అన్నిటికీ మించి ఇది చాకలి ఐలమ్మ గడ్డ. ఊరి బట్టలు ఉతికిన కుటుంబం ఆమెది. కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి లాక్కోబోతే, ఆనాటి ప్రజా సంఘం అండతో ఎదురు నిలిచి ధాన్యాన్ని ఇంటికి చేర్చుకుంది. ఆ రోజుల్లో దొరల గడీల్లో బట్టలుతకడం వెట్టి. కూలి లేదు, కాదనే వీలు లేదు. బట్ట నేసినవాడికీ, కట్టినవాడికీ చరిత్రలో ఎంతో కొంత చోటుంది. ఉతికిన చేతులకు మాత్రం ఐలమ్మ తన పోరాటంతో చోటు సంపాదించి పెట్టింది. అందుకే బట్టల కొత్త శాస్త్రాన్ని ఉతికేవాళ్ల వైపు నుంచి చూడాలంటే పాలకుర్తి కంటే తగిన చోటు నాకు తోచలేదు.

ఇక విషయంలోకి వెళదాం. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం నానోమీటరు. మన చేలో పండిన పత్తి పోగు ఒక్కదాని మందం సుమారు 15 వేల నానోమీటర్లు. బట్టల మీద వాడే నానో రేణువుల సైజు మామూలుగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటుంది. 20 నానోమీటర్ల రేణువులను పక్కపక్కన పేరిస్తే, ఒక్క పత్తి పోగు అడ్డంలో 750 పడతాయి.

అంత చిన్నగా చేస్తే ఏమొస్తుంది? పైతలం పెరుగుతుంది. సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు ఎత్తు ఉన్న వెండి ముక్కను తీసుకోండి. దాని ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కను 20 నానోమీటర్ల ముక్కలుగా కోసుకుంటూ పోతే, వాటన్నిటి పైతలం కలిపి 300 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు మూడు గుంటల జాగా. వెండి అంతే, బరువు అంతే. పనిచేసే తలం మాత్రం 5 లక్షల రెట్లు పెరిగింది. క్రిమితో తలపడేది ఆ తలమే, వెలుతురును అడ్డుకునేది ఆ తలమే. అందుకే పిసరంత పదార్థంతో పెద్ద పని జరుగుతుంది.

ఇప్పుడు పత్తి సంగతి చూద్దాం. గింజ తీసిన పచ్చి దూదిని గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. వెంటనే మునగదు, పైన తేలుతుంది. ఆసుపత్రిలో వాడే దూదిని వేయండి. వేసీ వేయగానే నీళ్లు పీల్చుకుని అడుగుకు దిగుతుంది. రెండూ పత్తే కదా, ఈ తేడా ఎందుకు? పచ్చి పత్తి పోగు మీద పలుచని మైనపు పొర ఉంటుంది. అది నీటిని దగ్గరికి రానీయదు. ఆసుపత్రి దూదిని క్షారంలో ఉడికించి ఆ మైనాన్ని తీసేస్తారు. నేతన్న నూలు చిలపలను రోజుల తరబడి నానబెట్టి తొక్కేది ఇందుకే. నూలు నీళ్లు తాగితేనే గంజి పడుతుంది, రంగు ఎక్కుతుంది. రజకులు సౌడు వేసి బానలో బట్టలు ఉడకబెట్టినప్పుడు కూడా క్షారమే జిడ్డును విడదీస్తుంది.

మైనం పోయాక మిగిలేది సెల్యులోజ్. అది కొన్ని నానోమీటర్ల మందమున్న నారలుగా పెనవేసుకుని పోగు అవుతుంది. అంటే నానో కొలతలో కట్టడం పత్తి మొక్కకు ముందే తెలుసు. సెల్యులోజ్‌కు నీళ్లంటే ప్రీతి. అందుకే నూలుబట్ట చెమట పీలుస్తుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. అందుకే టీ చుక్క పడ్డా, కూర రసం పడ్డా వెంటనే లోపలికి లాగేసుకుంటుంది. హాయికీ మరకకూ కారణం ఒకటే. ఒకటి పోకుండా రెండోది పోగొట్టడం ఎలా అన్నదే నానో బట్టలు చేసేవాళ్ల ముందున్న చిక్కు.

దారి తామరాకు చూపించింది. ఆకు మీద నీళ్లు నిలవవని మనకు తరతరాలుగా తెలుసు. ఎందుకు నిలవవో 1997లో జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు విల్హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టఫ్ నైన్‌హుయిస్ విడమరచి చెప్పారు. చేతికి నున్నగా తగిలే ఆ ఆకు నిజానికి గరుకు. దాని నిండా కంటికి ఆనని బుడిపెలు, ఆ బుడిపెల మీద నానో కొలతలో మైనపు గొట్టాలు. నీటిబొట్టు ఆ మొనల మీదే నిలబడుతుంది. మొనల మధ్య గాలి ఉంటుంది. పట్టు దొరకని బొట్టు గుండ్రంగా చుట్టుకుని దొర్లిపోతుంది. దొర్లుతూ దుమ్మును వెంట తీసుకుపోతుంది.

దీన్నే బట్ట మీదికి తెచ్చారు. 1998లో అమెరికాలో డేవిడ్ సోన్ మొదలుపెట్టిన నానో టెక్స్ అనే కంపెనీ, పత్తి పోగులకు నానో కొలతలో నూగు లాంటిది అంటించింది. పోగు చుట్టూ నూగు ఉంటుంది కాబట్టి చుక్క లోపలికి దిగదు. పోగుకూ పోగుకూ మధ్య సందులు మూసుకుపోవు కాబట్టి గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ కాగితం పూసిన బట్టకూ దీనికీ ఉన్న తేడా అదే.

ఇక్కడే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నీటినీ నూనెనూ రెండింటినీ తోసేసే బట్టలకు చాలాకాలం ఫ్లోరిన్ రసాయనాలు వాడారు. వాటిలో కొన్ని మట్టిలో కలవవు, నీటిలో విరగవు, మనుషుల ఒంట్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో పీఎఫ్ఓఎస్ అనే రసాయనాన్ని, 2019లో పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు మైనం, సిలికోన్, సిలికా రేణువులతో ఫ్లోరిన్ లేకుండానే నీటిని ఆపే ఫినిషింగులు వస్తున్నాయి. అవి నీటిని బాగానే ఆపుతాయి, నూనె మరకను అంతగా ఆపలేవు. మన ఇళ్లలో వానకోటుకూ గొడుగుకూ నూనెతో పనేముంది? నీళ్లు ఆపితే చాలు. నీళ్లాపడానికి ఫ్లోరిన్ అక్కర్లేదు. కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఇందులో ఫ్లోరిన్ ఉందా అని.

రెండో రకం, క్రిములను చంపే బట్ట. చెమటకు తనంతట వాసన లేదు. ఒంటి మీది బ్యాక్టీరియా చెమటలోని పదార్థాలను విరగ్గొట్టినప్పుడు వాసన పుడుతుంది. వెండి రేణువులు తడి తగిలితే వెండి అయాన్లను వదులుతాయి. అవి బ్యాక్టీరియా పొరలను, ఎంజైములను దెబ్బతీస్తాయి. మేజోళ్లలో, ఆసుపత్రి దుప్పట్లలో, కాలిన గాయాలకు కట్టే కట్లలో వెండి వాడుతున్నది ఇందుకే.

మరి ఉతికితే? అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్ సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. అంగట్లో దొరికే నానో వెండి మేజోళ్లు కొన్ని రకాలు తెచ్చి, నీళ్లలో నానబెట్టి కదిపి, ఆ నీళ్లలోకి ఎంత వెండి దిగిందో కొలిచారు. 2008లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని మేజోళ్లు నాలుగు ఉతుకుల్లోనే తమ వెండిని దాదాపు మొత్తం వదిలేశాయి. మరికొన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అన్నిటిలోనూ ఉన్నది వెండే. పోగుకు వెండిని ఎంత గట్టిగా అంటించారన్న దాంట్లోనే తేడా. ఆ తేడా కొత్త మేజోడును చేతిలో పట్టుకుని చూస్తే తెలియదు. నీళ్లలో ముంచితేనే తెలుస్తుంది. రేవే పరీక్ష అని నేనంటున్నది ఇందుకే.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు వద్దాం. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పనిచేస్తుంది. కరోనా కాలంలో ఆ సంస్థ రాగి ఆధారంగా పనిచేసే నానో రేణువులను తయారుచేసింది. ద్రావణాన్ని తుంపరగా మంటలోకి చిమ్మితే, మంట వేడికి అందులోని లోహం సుమారు 20 నానోమీటర్ల రేణువులుగా మారుతుంది. ఆ రేణువులను తగిన బైండరుతో నూలుబట్ట మీద పలుచని పూతగా పట్టించారు. హైదరాబాద్‌లోనే ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఆ బట్టను కరోనా వైరస్ మీద పరీక్షించింది. 99.9 శాతం వైరస్ పనిచేయకుండా పోయిందని తేల్చింది. బెంగళూరుకు చెందిన రెసిల్ కెమికల్స్ ఆ బట్టతో మాస్కులు చేసింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నానో మిషన్ కింద జరిగిన ఈ పనిని 2022లో ప్రకటించారు.

ఇందులో నాకు బాగా నచ్చినవి రెండు సంగతులు. మాస్కు బట్ట నూలు, అంటే మట్టిలో కలిసేది. ఉతికి మళ్లీ కట్టుకునేది. కరోనా రోజుల్లో ఒక్కపూట వాడి పారేసిన ప్లాస్టిక్ మాస్కులు మోరీల్లో, కుంటల్లో ఎంత పేరుకున్నాయో మనం చూశాం. ఆ దుస్థితికి జవాబు మన నగరంలో, మన పత్తి మీదే తయారైంది. ఇలాంటి పనికి కొడకండ్ల మగ్గం మీద నేసిన బట్ట ఎందుకు పనికిరాకూడదు? పోగు దగ్గరగా నేసిన మంచి నూలుబట్ట, దాని మీద గట్టిగా పట్టిన పూత, రెండూ కలిస్తే ఆసుపత్రి దుప్పట్లకూ కర్టెన్లకూ మన నేతన్నకు కొత్త గిరాకీ దొరుకుతుంది. వరంగల్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు 2023లో కేంద్ర ప్రభుత్వ పీఎం మిత్ర పథకంలోకీ వచ్చింది. పత్తి ఇక్కడ, నేత ఇక్కడ, నానో పరిశోధన హైదరాబాద్‌లో. ఈ మూడింటినీ కలిపే దారం ఇంకా గట్టిపడాలి.

మూడో రకం, ఎండతో పనిచేసే బట్ట. టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పదార్థానికి వెలుతురు తగిలితే నీటిని విడగొట్టగలదని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు. ఆ గుణాన్నే 2004లో హాంకాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీలో వాలిద్ దావూద్, జాన్ షిన్ నూలుబట్ట మీదికి తెచ్చారు. బట్టకు ఆ రేణువుల పూత ఉంటే, ఎండలో ఆరేసినప్పుడు మరకలోని పదార్థం మెల్లమెల్లగా విరిగిపోతుంది. తెల్లబట్టల మీద ఇది మంచి పనే. కానీ మరకనూ రంగునూ వేరుచేసి చూసే గుణం దానికి లేదు. రెండూ సేంద్రియ పదార్థాలే. పోచంపల్లి చిటికీ అద్దకానికో, పుట్టపాక తేలియా రుమాలుకో దీన్ని పూస్తే, మరకతో పాటు నేతన్న కష్టపడి కట్టిన రంగు కూడా వెలిసే ప్రమాదం ఉంది. ప్రతి కొత్త గుణమూ ప్రతి బట్టకూ పనికిరాదు. తుడుచుకునే తువ్వాలకు నీళ్లను తోసేసే పూత ఎందుకు? పసిపిల్లల ఒంటికి ఆనే జుబ్బాకు క్రిముల మందు ఎందుకు?

అవసరం నిజంగా ఎక్కడుందంటే, మన పత్తి చేలో ఉంది. మందు కొట్టే రైతు తడిసిన అంగితోనే పొద్దంతా తిరుగుతాడు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం గుండా లోపలికి దిగి, నరాలకు అవసరమైన ఎంజైమును స్తంభింపజేస్తాయి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సెపియో హెల్త్ అనే కంపెనీతో కలిసి దీనికి ఒక బట్ట తయారుచేశారు. 2024 డిసెంబరులో కిసాన్ కవచ్ పేరుతో దాన్ని విడుదల చేశారు. అప్పటి ధర 4,000 రూపాయలు. ఇందులో రేణువులు అద్దలేదు. నానో రేణువుకన్నా చిన్నవైన రసాయన అణువులను నేరుగా సెల్యులోజ్‌కే బంధించారు. పురుగుమందు బట్టను తాకగానే ఆ అణువులు దాన్ని విరగ్గొట్టి, విషం చర్మందాకా చేరకుండా చూస్తాయి. ఉతికి మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు.

దీన్ని రేవు వైపు నుంచి కూడా చూడండి. మందు కొట్టి వచ్చిన మనిషి విడిచిన బట్టలను ఇంట్లో ఎవరు ఉతుకుతారు? భార్యో, తల్లో, కూతురో. తడిసిన అంగిలోని విషం వాళ్ల చేతులకు ఎక్కుతుంది. బట్ట మీదే మందు విరిగిపోతే వేసుకున్నవాడితో పాటు ఉతికిన మనిషి కూడా బతుకుతుంది. నానో బట్టల్లో, అణువుల స్థాయి బట్టల్లో సర్కారు సాయం ముందుగా అందాల్సింది దీనికే. 4,000 రూపాయలు కౌలు రైతుకు చిన్న మొత్తం కాదు. డ్రిప్పుకూ స్ప్రింక్లరుకూ రాయితీ ఇచ్చినట్టే దీనికీ రాయితీ ఇవ్వాలి. పత్తి రైతులున్న ప్రతి మండలంలోనూ ఇది దొరకాలి.

ఇక ఉతుకుల పరీక్ష ప్రయోగశాలలో ఎలా జరుగుతుందో చూద్దాం. ఏఏటీసీసీ 61 అని అమెరికాలో రూపొందిన ఒక పరీక్ష ఉంది. అందులో ఒక పద్ధతి ఇది. చిన్న స్టీలు డబ్బాలో చిన్న బట్ట ముక్క, కాసిని సబ్బునీళ్లు, 50 స్టీలు గోళీలు వేసి మూత బిగిస్తారు. నీటి వేడి 49 డిగ్రీలు. డబ్బాను యంత్రంలో 45 నిమిషాలు తిప్పుతారు. గోళీల రాపిడికి ఆ ముక్క అయిదు ఉతుకులు పడినంతగా నలుగుతుంది. తరవాత రంగు పోయిందా, పూత నిలిచిందా చూస్తారు. మంచి పద్ధతే. అయితే అది వాషింగ్ మెషిన్ ఉన్న ఇళ్లను మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి.

మన ఉతుకు వేరు. బోరు నీళ్లలో ఉప్పదనం, కఠినత్వం ఎక్కువైతే సబ్బుకు తొందరగా నురగ రాదు, అందుకని రెట్టింపు సబ్బు రుద్దుతాం. బ్రష్షుతో తోముతాం. బండకేసి కొడతాం. గట్టిగా పిండి, మండుటెండలో తీగ మీద ఆరేస్తాం. 20 ఉతుకులు ఆగుతుందని మెషిన్ మీద తేలిన పూత, బండ మీద ఎన్ని ఉతుకులు ఆగుతుంది? ఈ లెక్క మన ప్రయోగశాలలు తేల్చాలి. అది తేల్చడానికి రేవులో పనిచేసే రజక అన్నలను, అక్కలను పిలవాలి. ఏ మరకకు ఏ క్షారం, ఏ బట్టకు ఎంత దెబ్బ, ఏ రంగుకు ఎంత ఎండ అన్న తెలివి వాళ్ల దగ్గర తరాలుగా ఉంది. అది శాస్త్రానికి పనికొచ్చే తెలివి. తెలంగాణ ప్రభుత్వం 2021 నుంచి లాండ్రీలకు, దోభీఘాట్లకు నెలకు 250 యూనిట్లదాకా ఉచిత కరెంటు ఇస్తోంది. అదే దోభీఘాట్లలో కొత్తబట్టల ఉతుకు పరీక్షలు కూడా పెడితే, ఉతికే వృత్తికి కూలితో పాటు విలువైన చోటు దొరుకుతుంది.

ఉతికిన నీళ్లు ఎటు పోతాయన్నది మూడో ప్రశ్న. పెద్ద నగరాల్లో మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలుంటాయి. బట్టల నుంచి వచ్చిన వెండిలో ఎక్కువ భాగం అక్కడ గంధకంతో కలిసి, అంతగా కరగని సల్ఫైడుగా మారి బురదలో ఉండిపోతుంది. పల్లెల్లో ఆ కేంద్రాలు లేవు. పెరట్లో ఉతికిన నీళ్లు మోరీలోకి, మోరీ నుంచి కుంటలోకి. అదే నీళ్లలో చేపలు పెరుగుతాయి, గొడ్లు తాగుతాయి. వెండి అయాన్లు చేపలకూ నీటిలోని చిన్న జీవులకూ విషం. ఒక జత మేజోళ్లతో చెరువు పాడైపోతుందని నేను భయపెట్టడం లేదు. వేల ఇళ్లలో అలాంటి బట్టలు వాడకంలోకి వచ్చాక ఆలోచించే బదులు, పూత గట్టిగా పట్టి ఉండాలన్న నియమం ఇప్పుడే పెట్టుకోవడం తెలివైన పని. మిల్లులకూ ఇది వర్తిస్తుంది. పూత పట్టించే తొట్టి నుంచి మిగిలిన నీళ్లను శుద్ధి చేయకుండా వదలకూడదు. నానో పొడిని గాలిలో ఎగరనిస్తే పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే దాన్ని పొడిగా కాక ద్రవంలో కలిపి వాడాలి. టెక్స్‌టైల్ పార్కుల్లో కొలువుకు చేరే మన ఊళ్ల ఆడపిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

యూరప్‌లో ఒక మంచి నియమం ఉంది. క్రిములను చంపే పదార్థం వాడి అలాంటి గుణం ఉందని చెప్పుకునే బట్టలాంటి సరుకు మీద ఆ పదార్థం పేరు రాయాలి. అది నానో రూపంలో ఉంటే పేరు పక్కన నానో అని కూడా రాయాలి. 2013 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. మన దగ్గర నానో అన్నది ధర పెంచడానికి రాసే మాట కాకూడదు, సమాచారం ఇచ్చే మాట కావాలి. బట్టకు కుట్టే చిన్న లేబుల్ మీద మూడు వివరాలు తెలుగులో ఉండాలి. పూతలో ఏముంది? ఎన్ని ఉతుకులు ఆగుతుంది? ఎలా ఉతకాలి? ఈ మూడే.

అప్పటిదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. నీళ్లు తోసే బట్ట కొన్నప్పుడు ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. గుండ్రంగా నిలిచి దొర్లితే పూత ఉన్నట్టు. పది ఉతుకుల తరవాత మళ్లీ వేసి చూడండి. పూత ఉన్న బట్టను బండకేసి కొట్టకండి, బ్రష్షుతో తోమకండి. బ్లీచింగు వద్దు. మెత్తదనానికి వాడే ద్రవం వద్దు, అది నీటిని ఆపే గుణాన్ని చెడగొడుతుంది. చల్లని నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. రోజూ ఒంటికి కట్టుకునే బట్టకు మాత్రం మంచి నూలు, మంచి ఉతుకు, మంచి ఎండ ఉంటే చాలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చాలా క్రిములు చస్తాయి.

2024 సెప్టెంబరులో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. ఆ పేరుకు తగిన పని ఒకటి ఆ ప్రాంగణంలో మొదలు కావాలని నా కోరిక. బట్టల ఉతుకు పరీక్షలకు అక్కడ ఒక ప్రయోగశాల పెట్టండి. మన బోరు నీళ్లు, మన సబ్బు, మన బండ, మన ఎండ లెక్కలోకి వచ్చేలా పద్ధతి రాయండి. బాలాపూర్ శాస్త్రవేత్తలను, కొడకండ్ల నేతన్నలను, పాలకుర్తి రజక సంఘాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. ఆ ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయిల్లో రేవులో ఉతికిన తల్లుల బిడ్డలు ఉండాలి. నానో బట్ట మంచిదో కాదో తేల్చి సంతకం పెట్టే చేయి వాళ్లది కావాలి.